విజయనగరంలో ఫ్రెంచి రొట్టె: ఓవెన్ కంటే ముందు ఫ్రిజ్ కొనండి

ఫ్రాన్స్‌లోనో, దుబాయ్ హోటళ్లలోనో రొట్టె పని నేర్చుకుని వచ్చి, విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ సొంత బేకరీ పెడదామనుకునేవాళ్లు మొదట అడిగేది ఓవెన్ గురించే. ఏ కంపెనీది కొనాలి, ఎన్ని డెక్కులు, కరెంటా గ్యాసా, కట్టెల బట్టీ కట్టించుకుంటే ఎలా ఉంటుంది అని. నిజానికి ఓవెన్ ఏదైనా పెద్ద తేడా లేదు. 230 డిగ్రీల వేడి రెండు గంటలపాటు నిలకడగా ఇస్తే చాలు. మన దగ్గర రొట్టె పాడయ్యేది ఓవెన్లో కాదు, ఓవెన్లోకి వెళ్లకముందు అయిదారు గంటల్లో. అక్కడ 22 డిగ్రీల గదిలో కూర్చుని నోటుబుక్కులో రాసుకున్న టైములు, మే నెలలో మధ్యాహ్నం 35 డిగ్రీలుండే మన వంటగదిలో ఒక్కటీ నిలబడవు. అందుకే చేతిలో ఉన్న డబ్బు ముందు చల్లదనం మీద పెట్టి, మిగిలింది ఓవెన్ మీద పెట్టమంటాం.

ఇక్కడ చెప్పేది ఈస్టు, ఇంప్రూవరు (పిండి త్వరగా అందడానికి కలిపే పొడి) వేసి గంటన్నరలో తీసే పాల బ్రెడ్డు గురించి కాదు. పిండి, నీళ్లు, ఉప్పు, పులిసిన పిండి (దీన్నే స్టార్టర్ అంటాం), ఈ నాలుగింటితో చేసే రొట్టె గురించి. ఫ్రాన్స్‌లో దీనికి చట్టమే ఉంది. 1993 సెప్టెంబరు 13న వచ్చిన డిక్రీ ప్రకారం సంప్రదాయ ఫ్రెంచి రొట్టె అని పేరు పెట్టాలంటే ఏ దశలోనూ డీప్ ఫ్రీజ్ చేయకూడదు, అడిటివ్‌లు కలపకూడదు. చిక్కుడు జాతి పిండి 2 శాతం దాకా, సోయా పిండి అర శాతం దాకా, గోధుమ మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన గోధుమల పిండి) 0.3 శాతం దాకా మాత్రం కలుపుకోవచ్చు. స్టార్టర్ రొట్టె అని అమ్మేదాంట్లో కూడా పిండి బరువులో 0.2 శాతం దాకా బేకరీ ఈస్టు వేసుకోవచ్చని అదే డిక్రీ చెబుతోంది. ఇది తెలియక, చిటికెడు ఈస్టు వేస్తే అపచారం అన్నట్టు మాట్లాడేవాళ్లు మన దగ్గరే ఎక్కువ. డిసెంబరు, జనవరి నెలల్లో చలికి పిండి మొండికేస్తే 10 కిలోలకు 10 గ్రాములు ఇన్‌స్టంట్ ఈస్టు వేయండి. అది 0.1 శాతమే.

మైదా బస్తా మీద ఏం రాసినా నమ్మకండి

మన ఊళ్లలో దొరికే మైదా చాలావరకు పరోటాకి, బిస్కెట్‌కి, బజ్జీకి సరిపోయే మైదా. అచ్చులో పోసే బ్రెడ్డుకి ఎలాగో సరిపోతుంది గానీ, అచ్చు లేకుండా గుండ్రంగా నిలబడాల్సిన రొట్టెకి సరిపోదు. మిల్లు నుంచి తెప్పించుకునేటప్పుడు బ్రెడ్ మైదా అని అడిగి తీసుకోండి, వచ్చాక మీరే పరీక్ష చేసుకోండి. 25 గ్రాముల మైదాలో 15 మిల్లీలీటర్ల నీళ్లు పోసి గట్టి ముద్ద చేసి, గిన్నెడు నీళ్లలో అరగంట వదిలేయండి. తర్వాత సన్నటి ధార కింద వేళ్లతో నలుపుతూ తెల్లనీళ్లు పోవడం ఆగేదాకా కడగండి. చేతిలో మిగిలిన జిగురు ముద్దను గట్టిగా పిండి తూచండి. 8 గ్రాములు వస్తే మంచి పిండి. 7 వస్తే నీళ్లు తగ్గించి నడిపించవచ్చు. 6.5 కంటే తగ్గితే అచ్చు రొట్టెకే వాడండి, లేదా వైటల్ గ్లూటెన్ (గోధుమ జిగురు పొడి) 2 శాతం కలపండి. బరువొక్కటే కాదు, ఆ ముద్దని సాగదీసి చూడండి. మెల్లగా సాగి వెనక్కి లాగితే సరే. టప్పున తెగిపోతే పిండి పాతదో, వేడికి దెబ్బతిన్నదో అయి ఉంటుంది. ఈ పరీక్ష బస్తా మారినప్పుడల్లా చేయాలి. ఒకే బ్రాండు, ఒకే షాపు అయినా సరే.

ఇంకో తేడా రంగులో కనిపిస్తుంది. మన గోధుమ ఎండలో బాగా ఎండి కోతకొస్తుంది కాబట్టి పిండిలో సహజంగా ఉండే అమైలేజ్ ఎంజైము తక్కువ. పిండిపదార్థం చక్కెరగా మారడం నెమ్మదిస్తుంది, ఓవెన్లో ఎంతసేపు ఉంచినా రొట్టె పైపొర పాలిపోయి ఉంటుంది. యూరప్‌లో దీనికి బార్లీ మాల్టో గోధుమ మాల్టో కలుపుతారు. మనకి ఇంట్లోనే చోడి (రాగి) మొలకలు ఉన్నాయి. చోళ్లు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో కట్టి, రెండు రోజులు మొలకెత్తించి, నీడన ఫ్యాను కింద ఆరబెట్టి పిండి పట్టించండి. 10 కిలోలకు 50 గ్రాములతో మొదలుపెట్టండి. వేయించకూడదు. పిల్లల మాల్టుకి చేసినట్టు దోరగా వేయిస్తే వాసన బాగుంటుంది గానీ ఎంజైము చచ్చిపోతుంది, ఇక వేసినా వేయకపోయినా ఒకటే. ఎక్కువ వేస్తే మాత్రం లోపలి మెత్తని భాగం బంకగా, కత్తికి అంటుకునేలా అవుతుంది. 100 గ్రాములు దాటించకండి.

ఆటా సంగతి క్లుప్తంగా చెబుతాం. చక్కీలో రాళ్ల మధ్య నలిగిన ఆటా మైదా కంటే ఎక్కువ నీళ్లు తాగుతుంది. మొత్తం పిండిలో 20 శాతం ఆటా ఉంటే నీళ్లు పిండి బరువులో 66 శాతం పెట్టుకుని, చూసి పెంచుకోండి. యూరప్ పుస్తకాల్లో 75, 80 శాతం నీళ్లు చూసి ఇక్కడి మైదాతో మొదటిరోజే ప్రయత్నిస్తే బల్ల మీద అట్టు పోసినట్టే.

ఐసు లెక్క

పిండి కలిపి తీసేసరికి దాని వేడి 25 డిగ్రీలు ఉండాలి. మనం చేతిలో పట్టుకోగలిగేది నీళ్ల వేడి ఒక్కటే కాబట్టి దాన్ని లెక్కగట్టాలి. 25ని నాలుగుతో హెచ్చిస్తే 100. అందులోంచి పిండి వేడి, గది వేడి, స్టార్టర్ వేడి, మిక్సర్ రాపిడి వల్ల పెరిగే వేడి తీసేయాలి. స్పైరల్ మిక్సర్ రాపిడి 10 అనుకుందాం. మే నెల సాయంత్రం పిండి 34, గది 35, స్టార్టర్ 28, రాపిడి 10, మొత్తం 107. నీళ్లు మైనస్ 7 డిగ్రీలుండాలని తేలుతుంది, అంటే ఐసు తప్పదు. ఎంత ఐసు? కుళాయి నీటి వేడిలోంచి కావాల్సిన వేడి తీసేసి, వచ్చినదాన్ని కుళాయి వేడికి 80 కలిపిన మొత్తంతో భాగించి, మొత్తం నీళ్లతో హెచ్చించాలి. కుళాయి నీళ్లు 32 డిగ్రీలు, కావాల్సిన నీళ్లు 6.6 కిలోలు అయితే 39ని 112తో భాగించి 6.6తో హెచ్చించాలి. 2.3 కిలోల ఐసు, 4.3 కిలోల నీళ్లు. ముందురోజే మైదా, ఆటా కలిపి 10 కిలోలు తూచి, మూతున్న డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెడితే పిండి 8 డిగ్రీలకి దిగుతుంది. అప్పుడు అదే లెక్కలో నీళ్లు 19 డిగ్రీలుంటే చాలు, ఐసు 770 గ్రాములకి తగ్గిపోతుంది. పిండిని చల్లబరచడం ఐసు కొనడం కంటే సుళువు.

ఐసు మీ డీప్ ఫ్రీజర్లో మీరే చేసుకోవాలి. తీరం పక్కన ఐసు ఫ్యాక్టరీల్లో దొరికే దిమ్మలు చేపల కోసం చేసినవి, తాగే నీళ్లతో చేసినవి కావు. రొట్టెలో వేయకండి. ముక్కలు కూడా చిన్నగా, చిదిమి వేయాలి. పెద్ద ముక్కలు కలిపేటప్పటికి కరక్క పిండిలోనే ఉండిపోయి, తర్వాత కరిగి అక్కడక్కడా చిత్తడి చేస్తాయి. నీళ్ల విషయంలో ఇంకొకటి. ఆర్వో నీళ్లు మరీ పలచన, వాటితో పిండి జారుగా, జిగటగా వస్తుంది. మున్సిపాలిటీ నీళ్లు క్లోరిన్ పోయేలా రాత్రి తెరిచి ఉంచి, ఆర్వో నీళ్లతో సగం సగం కలుపుకుంటే సరిపోతుంది.

స్టార్టర్ పగలు నాలుగు గంటలే

10 కిలోల పిండికి మన వేసవిలో 1 కిలో స్టార్టర్ చాలు. యూరప్ లెక్క 2 కిలోలు ఇక్కడ వేస్తే మీరు టీ తాగి వచ్చేలోగా పిండి చేయి దాటిపోతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి ఫ్రిజ్‌లోంచి 100 గ్రాముల పాత స్టార్టర్ తీసి, 500 గ్రాముల పిండి, 500 గ్రాముల నీళ్లు కలిపి పెట్టండి. 33 డిగ్రీల్లో సాయంత్రం అయిదుకి రెండున్నర రెట్లు పొంగుతుంది. 1 కిలో వాడి, 100 గ్రాములు మళ్లీ ఫ్రిజ్‌లోకి. చలికాలంలో గది 22 డిగ్రీలుంటే 220 గ్రాములకి 440, 440 వేయాలి, అప్పుడే ఆ నాలుగైదు గంటల్లో అందుతుంది. పొంగు ఆగి మధ్యలో కుంగడం మొదలైన స్టార్టర్ వాడకండి. పొంగుతుండగానే వాడితే రొట్టె కమ్మగా ఉంటుంది. కుంగాక వాడితే పుల్లగా ఉంటుంది, పైగా ఆ పులుపు పిండిలోని జిగురుని కరిగించి రొట్టెని చదును చేస్తుంది.

కొత్తగా స్టార్టర్ మొదలుపెట్టేవాళ్లకి రెండోరోజు బుడగలు చూసి సంబరం వస్తుంది. అవి ఈస్టు బుడగలు కావు, వేరే బ్యాక్టీరియావి. మూడు నాలుగు రోజులకి అంతా చప్పబడినట్టు కనిపిస్తుంది. పారేయకుండా రోజూ పిండి, నీళ్లు వేస్తూ ఉంటే వారం దాటాక నిజమైన పొంగు వస్తుంది. మైదాకి బదులు మొదటి మూడు రోజులు ఆటా, చోడి పిండి సగం సగం వేస్తే త్వరగా అందుకుంటుంది.

ఒక్క షిఫ్టులో సాగే పని

ఫ్రాన్స్‌లో రాత్రి రెండింటికి లేస్తారు, ఎందుకంటే అక్కడ జనం పొద్దున్నే రొట్టె కొంటారు. మన దగ్గర పొద్దున్న ఇడ్లీ, పూరీ. బేకరీ బేరం సాయంత్రం అయిదు నుంచి. విజయనగరం మూడు లాంతర్ల దగ్గరైనా, శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దగ్గరైనా ఇదే లెక్క. కాబట్టి నిద్ర పాడుచేసుకోవాల్సిన పని లేదు. మధ్యాహ్నం 12కి షాపు తెరిచి, రాత్రి నుంచి ఫ్రిజ్‌లో ఉన్న ముద్దలు కాల్చండి. ఒంటిగంటకి స్టార్టర్. రెండుకల్లా కాల్చడం అయిపోతుంది, నాలుగు దాకా రొట్టె ఆరాలి, నాలుగు నుంచి అమ్మకం. అయిదుకి రేపటి పిండి కలపడం. ఎనిమిదిన్నరకి ముద్దలు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టి, తొమ్మిదికి తలుపు వేసుకోవచ్చు.

కలపడం ఇలా. మైదా 8 కిలోలు, ఆటా 2, ఐసుతో కలిపి నీళ్లు 6.6, స్టార్టర్ 1, ఉప్పు 200 గ్రాములు. ఉప్పు తప్ప అన్నీ వేసి స్లో స్పీడులో 4 నిమిషాలు. 20 నిమిషాలు ఆపండి. పుస్తకాల్లో ఈ విరామం గంట, రెండు గంటలని ఉంటుంది, మన వేడిలో అంతసేపు వదిలితే పిండి సాగిపోయి నీరసపడుతుంది. తర్వాత ఉప్పు వేసి స్లోలో 3, ఫాస్టులో 3 నిమిషాలు. తీసి థర్మామీటరు గుచ్చి చూడండి. 25 ఉంటే మంచిది, 28 దాటితే టబ్బుని వెంటనే ఓ 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. అరగంటకోసారి రెండుసార్లు మడతలు వేయాలి. ఈ దశలో బేకరీ పని తెలిసిన కుర్రాళ్లు చేసే తప్పు ఒకటే. అంటుకుంటోందని గుప్పెడు మైదా విసురుతారు. అంటుకోవడం తప్పు కాదు. చేయి తడిపి పట్టుకుంటే సరిపోతుంది. బల్ల మీద పొడి మైదా డబ్బా పెట్టకుండా నీళ్ల గిన్నె పెడితే అలవాటు దానంతట అదే మారుతుంది.

మొత్తం 17.8 కిలోలు వస్తుంది. ఒక్కోటి 480 గ్రాములు తూచితే 37 ముద్దలు. కాలాక 15 శాతం దాకా తగ్గి 400 పైన నిలుస్తాయి. ముద్దలు పడుకోబెట్టే వెదురు బుట్టల కోసం ఆన్‌లైన్లో వెతకక్కర్లేదు. మేదరి వాళ్ల దగ్గర కొలత చెప్పి అల్లించుకోవచ్చు. అంచు దగ్గర 20 సెంటీమీటర్లు, లోతు 8 ఉండాలి. లోపల గుడ్డ వేసి బియ్యపు పిండి చల్లండి. దానికి జిగురు ఉండదు కాబట్టి పట్టుకోదు. పొందూరు ఖాదీ మీద పిండి ముద్దలు పడుకోబెట్టేంత వైభోగం అక్కర్లేదు, ఉతికిన కోరా గుడ్డ చాలు. వానాకాలం బుట్టలు బూజు పడతాయి. కాల్చడం అయ్యాక వేడి తగ్గుతున్న ఓవెన్లో పావుగంట ఉంచి తీయండి.

ఫ్రిజ్ ఎందుకు ముందు

కూల్‌డ్రింకుల షాపుల్లో ఉండే అద్దాల ఫ్రిజ్ చల్లగా ఉన్నవాటిని చల్లగా ఉంచడానికి చేసింది. 27 డిగ్రీల పిండి 17 కిలోలు ఒకేసారి లోపల పెడితే అది తెల్లారేదాకా తిప్పలు పడుతుంది, లోపల పిండి ఈలోగా పులుస్తూనే ఉంటుంది. నాలుగు తలుపుల స్టీలు చిల్లర్, 1000 లీటర్లది కొనండి, 3 డిగ్రీలకి పెట్టండి. బుట్టల మధ్య నాలుగు వేళ్ల సందు ఉండాలి, లేకపోతే గాలి తిరగదు, మధ్యలో ఉన్నవి ముందు పొంగిపోతాయి.

ఎంత మంచి చిల్లర్ అయినా ముద్ద మధ్య భాగం చల్లబడటానికి రెండు మూడు గంటలు పడుతుంది. ఆ గంటలన్నీ పులియడం కిందే లెక్క. అందుకే టబ్బులో పిండి రెట్టింపు అయ్యేదాకా ఆగకూడదు. యూరప్ లెక్క 50, 75 శాతం పొంగు. మనకి 30 శాతం పొంగగానే ముద్దలు కోసేయాలి. అంత కొంచెమే పొంగితే ఏం బాగుంటుందని అనిపిస్తుంది గానీ, మిగతా పని ఫ్రిజ్‌లో జరుగుతుంది. పారదర్శకంగా ఉండే నిలువు డబ్బాలో 100 గ్రాముల పిండి పక్కన పెట్టి గీత గీసుకుంటే ఊహతో పని ఉండదు.

చిల్లర్, ఓవెన్ ఒకే గదిలో వద్దు. చిల్లర్ వెనక నుంచి వచ్చే వేడి, ఓవెన్ వేడి కలిసి ఒకదాన్ని ఒకటి పాడుచేస్తాయి. పిండి బల్ల ఉన్న గదికి మాత్రం ఒకటిన్నర టన్ను ఏసీ పెట్టి 25 డిగ్రీలు ఉంచగలిగితే ఐసు లెక్క సగం అవుతుంది. రేకుల షెడ్డు అద్దెకి తీసుకుంటే ఆ ఏసీ ఖర్చు అద్దెలో ఆదా చేసినదాన్ని తినేస్తుంది. స్లాబు ఇల్లు చూసుకోండి.

ఓవెన్, కట్టెలు, రాయి

రెండు డెక్కుల గ్యాసు ఓవెన్, పెద్ద కమర్షియల్ సిలిండరుతో నడిచేది, మొదలుపెట్టడానికి చాలు. కరెంటు డెక్కు ఓవెన్ రొట్టెకి ఇంకా మంచిదే గానీ త్రీ ఫేజ్ కనెక్షన్, లోడు పెంచుకోవడం ఉంటాయి. పైన 240, కింద 220 డిగ్రీలు. మొదటి 10 నిమిషాలు ఆవిరి ఉండాలి. లేకపోతే పైపొర ముందే గట్టిపడి, కాల్చేముందు బ్లేడుతో గీసిన గీత దగ్గర విచ్చుకోకుండా పక్కన పగులుతుంది. గ్యాసు ఓవెన్లో వేడి పోయే గొట్టం ఉంటుంది కాబట్టి ఆవిరి నిలవదు. ఆ గొట్టం మూయకండి, ప్రమాదం. ఒక్కో రొట్టె మీద వేడెక్కిన స్టీలు డబ్బా బోర్లిస్తే ముద్దలోంచి వచ్చే ఆవిరే సరిపోతుంది. 12వ నిమిషంలో డబ్బాలు తీసేసి మరో 20 నిమిషాలు కాల్చాలి. మధ్యలో గుచ్చితే 97 డిగ్రీలు చూపించాలి.

కట్టెల బట్టీ కట్టించుకునే సరదా ఉంటే సరుగుడు కట్టె మన తీరమంతా దొరుకుతుంది, నిలకడగా కాలుతుంది. పలాస వైపు జీడిపిక్కల తొక్క చవగ్గా వస్తుందని దాన్ని తగలబెట్టకండి. అందులోని నూనె పొగ ఘాటు, రొట్టెకి పడుతుంది. టెక్కలి గ్రానైటు అందంగా ఉంటుందని బట్టీ అడుగున వేయించడమూ వద్దు. రాయిలోని క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. నిప్పులు నేరుగా ఆనిన చోట రాయి పెచ్చులు లేచి రొట్టెకి అంటుకుంటుంది. ఫైర్ బ్రిక్ (నిప్పుకి తట్టుకునే ఇటుక) వేయించండి. గ్రానైటు బల్ల మీదకి మాత్రం బంగారం, చల్లగా ఉంటుంది.

చెడిపోతే

బుట్ట బోర్లించగానే ముద్ద ప్లేటులా పరుచుకుంటే, బ్లేడు గీత తెరుచుకోకపోతే, కాలాక కూడా పాలిపోయి ఉంటే పులుపు ఎక్కువైందన్నమాట. దాన్ని రొట్టెగా కాల్చి అమ్మడానికి పట్టుబట్టకండి. నూనె రాసిన ట్రేలో వేళ్లతో పరిచి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, వాము వేసి కాల్చండి. సాయంత్రం ముక్క లెక్కన అమ్ముడైపోతుంది.

ఇంతకంటే ప్రమాదమైనది ఇంకొకటి ఉంది. రెండోరోజు రొట్టె కోస్తే మగ్గిపోయిన అనాసపండు వాసన, మధ్య భాగం తడిగా, రెండు వేళ్లతో విడదీస్తే సాలెపట్టులా దారాలు సాగడం. ఇది బూజు కాదు. బాసిల్లస్ అనే బ్యాక్టీరియా పని. దాని బీజాలు పిండిలోనే వస్తాయి, రొట్టె మధ్యలో వేడి 100 దాటదు కాబట్టి కాల్చినా చావవు. తర్వాత 30, 40 డిగ్రీల గదిలో, గాలి ఆడని ప్లాస్టిక్ కవర్లో లేచి కూర్చుంటాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన వాతావరణం దీనికి సరిగ్గా సరిపోతుంది. స్టార్టర్ రొట్టెలో పులుపు వల్ల ఇది చాలావరకు రాదు, ఈస్టుతో హడావుడిగా చేసిన ఆటా బ్రెడ్డులోనే ఎక్కువ. వచ్చిందంటే ఆ రోజు సరుకంతా షాపు బయట పారేయాలి, రస్కులకి వాడకూడదు. బల్లలు, గిన్నెలు, బుట్టలు కడిగి వెనిగర్ నీళ్లతో తుడవాలి. పాత పిండి ముద్దను కొత్తదాంట్లో కలిపే అలవాటు ఉంటే ఆపేయాలి.

వేడిగా ఉన్నప్పుడు కోయమని అడిగేవాళ్లు ఉంటారు. కోస్తే లోపల బంకగా ఉండి, పచ్చిగా ఉందని వెనక్కి తెస్తారు. రెండు గంటలు జల్లెడ మీద ఆరాలి.

ఏం అమ్మాలి

బగెట్‌తో (పొడవాటి ఫ్రెంచి రొట్టెతో) మొదలుపెట్టకండి. 2022లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది కాబట్టి బోర్డు మీద బాగుంటుంది, కానీ సన్నటి రొట్టె కదా, ఆగస్టు తేమలో రెండు గంటల్లో పైపొర తోలులా మెత్తబడిపోతుంది. వెన్న పొరలతో చేసే క్రోసాంట్ సంగతి ఇంకా కష్టం. వెన్న 14 డిగ్రీల దగ్గర వంగాలి గానీ కరగకూడదు, గది 20 దాటితే మడతల్లోంచి కారిపోతుంది, ఓవెన్లో క్రోసాంట్ కాస్తా బన్ను అవుతుంది. గదంతా చల్లబరిచే స్తోమత లేకపోతే డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రమే చేయండి.

నిలబడేవి మూడు. ఆటా కలిసిన గుండ్రటి రొట్టె. అదే పిండితో అచ్చు రొట్టె, ఇది టిఫిన్ డబ్బాలకి, ముసలివాళ్లకి. మూడోది చోడి పిండి, జీడిపప్పు రొట్టె. చోడికి జిగురు లేదు, అందుకని మొత్తం పిండిలో 15 శాతం దాటకూడదు. దాన్ని పొడిగా కలిపితే రొట్టె రెండోరోజుకి రాలిపోతుంది. చోడి పిండికి రెండింతల మరిగే నీళ్లు పోసి, అంబలికి కలిపినట్టు ఉండలు లేకుండా కలిపి, చల్లారాక వేయండి. ఆ నీళ్లు మొత్తం లెక్కలోంచి తీసేయడం మరిచిపోకండి. జీడిపప్పు గుళ్లు అక్కర్లేదు. పలాస ముక్క సగం ఖర్చుకే వస్తుంది. 10 కిలోలకి ఒకటిన్నర కిలో, చివరి మడతలో వేయాలి.

మొదటి నెలంతా వినబడే మాటలు రెండే, మాడిపోయింది, గట్టిగా ఉంది. వాదించి లాభం లేదు. ఒక రొట్టెని వేలెడు మందం ముక్కలు కోసి, పెనం మీద కాల్చి, పక్కన చేపల పులుసో, కోడి కూరో చిన్న గిన్నెలో పెట్టండి. గట్టి రొట్టె పులుసులో నానినా చెదరదు, అది తిన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. సగం రొట్టె కూడా అమ్మండి. కోడిగుడ్డు లేదని పెద్ద అక్షరాలతో రాయండి, కార్తీక మాసంలో బేరం పెరుగుతుంది. ప్లాస్టిక్ కవరు కాకుండా కాగితం సంచిలో ఇచ్చి, ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టొద్దని చెప్పండి. ఫ్రిజ్ చలికే రొట్టె త్వరగా ఎండినట్టవుతుంది. ముక్కలు కోసి డీప్ ఫ్రీజర్లో పెట్టుకుంటే మంచిది.

మిగిలినవి రస్కులు. ముక్కలు 12 మిల్లీమీటర్ల మందం, 120 డిగ్రీల్లో గంటంబావు. మన ఊళ్లో టీ ఉన్నంతకాలం రస్కు మిగలదు.

కాగితాలు

ఏడాది టర్నోవరుని బట్టి ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ గానీ స్టేట్ లైసెన్సు గానీ ఉండాలి. దాంతోపాటు మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు. ప్యాకెట్ మీద 14 అంకెల ఫుడ్ సేఫ్టీ నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా తినాలి, సరుకుల జాబితా, పచ్చ చుక్క ఉండాలి. మామూలు రొట్టె మీద జీఎస్టీ లేదు. కేకు, బిస్కెట్ల మీద 18 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 అయింది. రెండూ అమ్మితే బిల్లింగ్ మిషన్లో వేరువేరు కోడ్లు పెట్టించుకోండి. ఎవరైనా పాత మాస్టారు పొటాషియం బ్రోమేట్ వేస్తే రొట్టె బాగా పొంగుతుందంటే వినకండి, 2016లోనే నిషేధించారు.

కరెంటు, తుఫాను

చిల్లర్ తలుపు తీయకుండా ఉంటే రెండు గంటల కోతకి ఏమీ కాదు. అంతకు మించితే 5 కేవీఏ జనరేటరు కావాలి, ఇన్వర్టరు మీద కంప్రెసరు స్టార్ట్ అవడం కష్టం. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం వార్త రాగానే పిండి కలపడం ఆపేయండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం పల్లెలకి కరెంటు రోజుల తరబడి లేదు. అలాంటప్పుడు 37 ముద్దలు కాదు, స్టార్టరే పోతుంది. ముందే చురుగ్గా ఉన్న స్టార్టర్ ఒక గరిటెడు బేకింగ్ పేపరు మీద కాగితమంత పలచగా పూసి, ఎండలో కాకుండా ఫ్యాను కింద ఆరబెట్టండి. పెళపెళలాడాక చిదిమి, గాలి చొరని సీసాలో రెండు చోట్ల దాచండి. ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో. మళ్లీ లేపాలంటే 20 గ్రాముల పెచ్చులు 40 గ్రాముల గోరువెచ్చటి నీళ్లలో రెండు గంటలు నాననిచ్చి, 20 గ్రాముల ఆటా కలపండి. మర్నాడు బుడగలు కనిపిస్తాయి, రోజుకోసారి మేత వేస్తే నాలుగోరోజుకి పనిలోకి వస్తుంది.